2014 నాటి డెస్క్‌టాప్, చేతిలో 12 వేలు: ముందు ఏది మార్చాలి?

నెల్లూరోడు_బీటీఎం | శుక్రవారం, రాత్రి 10.40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

2014లో నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నాన్న నెల్లూరులో కొనిచ్చిన డెస్క్‌టాప్ ఇది. ఉద్యోగం వచ్చాక దుప్పట్లో చుట్టి, బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకుని బెంగళూరు తెచ్చుకున్నాను. ఇప్పుడు బీటీఎంలో నా రూములో ఉంది. తమ్ముడు విశాఖలో చదువుతున్నాడు. శనివారం రాత్రి ఇద్దరం కలిసి ఆడుకోవాలని మా కోరిక. సీఎస్2, వాలరెంట్, అప్పుడప్పుడూ జీటీఏ 5. వాడి ల్యాప్‌టాప్ బాగానే లాగుతుంది. నాది మ్యాప్ లోడయ్యేసరికి మొదటి రౌండ్ అయిపోతోంది. లోడయ్యాక కూడా నలుగురు ఒకచోట చేరితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

ప్రాసెసర్ ఐ5-4590, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ ఒకే స్టిక్, 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 450 వాట్ల పవర్ సప్లై, 18.5 అంగుళాల మానిటర్ (1366×768), విండోస్ 10. గ్రాఫిక్స్ కార్డు లేదు.

బడ్జెట్ 12 వేలు. అంతకు మించి ఈ ఏడాది కుదరదు, ఇంటికి పంపాల్సినవి ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో ఆర్ఎక్స్ 580 8 జీబీ కార్డు 6,500కి ఒకటి కనబడింది. మిగతా డబ్బుతో ఐ7-4770 వేస్తే సరిపోతుందా? రేపే డబ్బు పంపమంటున్నాడు అమ్మేవాడు.

---

ఎస్పీరోడ్_శనివారం | శుక్రవారం, రాత్రి 11.05

తమ్ముడూ, డబ్బు మాత్రం పంపకు. రేపటికల్లా పంపాలని తొందరపెట్టేవాడి దగ్గర సెకండ్ హ్యాండ్ కార్డు కొనకూడదు. కళ్లెదుట నడిపి చూపించనిదే ఏ కార్డూ కొనొద్దు.

ముందు రెండు పనులు చెయ్యి. సైడ్ ప్యానెల్ తీసి పవర్ సప్లై మీద ఉన్న స్టిక్కర్‌లో 12వి అని ఉన్నచోట ఎన్ని ఆంపియర్లు రాసుందో చూడు. రెండోది, వేడి, స్పీడు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్ వేసుకుని పావుగంట ఆట ఆడి, ప్రాసెసర్ ఎంత వేడెక్కుతోందో చెప్పు. ఆ రెండు అంకెలు చూడకుండా ఏం కొనాలో చెప్తే అది గుడ్డిలెక్కే.

---

కడప_కోడర్ | శుక్రవారం, రాత్రి 11.31

నా అభిప్రాయం వేరు బ్రో. పదేళ్లు దాటిన మిషన్ మీద 12 వేలు పెట్టడం నాకు మనసొప్పదు. డీడీఆర్3 రోజులు అయిపోయాయి. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగింది. అధికారికంగా విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి పైవే ఉండాలి. నీది 4వ తరం.

ఇక్కడి కంప్యూటర్ల బజారు ఎస్పీ రోడ్డులో ఆఫీసుల నుంచి వచ్చిన ఐ5-8500 మిషన్లు దొరుకుతాయి. 6 కోర్లు. ఉన్నదాన్ని అమ్మేసి, పైన కొంత వేసి అది తీసుకుంటే ఇంకో నాలుగైదేళ్లు నిశ్చింత.

---

సర్వీస్_బెంచ్ | శనివారం, ఉదయం 7.15

బాబూ, కంప్యూటర్లు బాగుచేయడం నా వృత్తి. ఆర్ఎక్స్ 580 అని చదవగానే ఉదయం కాఫీ పక్కన పెట్టి రాస్తున్నాను.

ఆ కార్డు ఒక్కటే 185 వాట్ల దాకా లాగుతుంది. క్యాబినెట్‌తో వచ్చే సప్లై మీద 450 అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకెను నమ్మకూడదు. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వచ్చేది 12 వోల్టుల లైన్ నుంచే. ఆ లైన్ ఎంత మోస్తుందో అదే నీ సప్లై అసలు బలం. అసలైన 450 వాట్ల సప్లైలో ఆ ఒక్క లైనే దాదాపు 35 ఆంపియర్లు ఇస్తుంది. లోపల రాగి, ఇనుము సరిపడా ఉంటాయి కాబట్టి చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తుంది. చవకది ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిగ్గా ఉంటుంది.

ఒక కుర్రాడు ఇలాగే క్యాబినెట్ సప్లై మీద పెద్ద కార్డు పెట్టుకున్నాడు. మూడు వారాలు ఆడింది. నాలుగో వారం ఆట మధ్యలో టప్‌మని శబ్దం, కాలిన వాసన. నా బెంచ్ మీద విప్పితే సప్లైలో కెపాసిటర్ల తలలు ఉబ్బి, ఒకటి పగిలి గోధుమరంగు జిగురు కారి ఉంది. అది ఒక్కటే పోతే బాధ లేదు. బోర్డును, హార్డ్ డిస్క్‌ను కూడా పట్టుకుపోయింది. అందులో వాళ్ల చెల్లెలి పెళ్లి ఫోటోలు ఉన్నాయి. వాటిని తిరిగి తెచ్చివ్వలేకపోయాను. ఆ అబ్బాయి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

---

నెల్లూరోడు_బీటీఎం | శనివారం, ఉదయం 11.20

అన్నలకు థాంక్స్. అమ్మేవాడికి ఇప్పుడే వద్దని చెప్పేశాను.

ప్యానెల్ విప్పాను. స్టిక్కర్ మీద 12వి పక్కన 14ఏ అని ఉంది. దుమ్ము చూసి నాకే ఆశ్చర్యమేసింది. ప్రాసెసర్ ఫ్యాన్ కింద అల్యూమినియం రెక్కల మధ్య ఊలు బట్టలా పేరుకుంది. సీఎస్2 పావుగంట ఆడితే ప్రాసెసర్ 97 డిగ్రీలకు పోయింది. స్పీడు 3.5 నుంచి 2.6 గిగాహెర్ట్జ్‌కు పడిపోతూ లేస్తూ ఉంది.

---

ఫ్రేమ్_లెక్క | శనివారం, మధ్యాహ్నం 12.02

14 × 12 = 168. నీ 450 వాట్ల సప్లై 12 వోల్టుల మీద ఇవ్వగలిగింది 168 వాట్లు, అదీ స్టిక్కర్ నిజం చెప్తుంటే. ప్రాసెసర్ 84, ఆర్ఎక్స్ 580 185. మొత్తం 269. ఇంక చర్చ అక్కర్లేదు.

97 డిగ్రీల సంగతి అంతకంటే ముఖ్యం. ఆ ప్రాసెసర్ 100 దగ్గరికి వస్తే తనను తాను కాపాడుకోవడానికి స్పీడు తగ్గించుకుంటుంది. బొమ్మ ఆగి ఆగి కదులుతోందన్నావే, అందులో కొంత భాగం దీనిదే. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్ట్ పదేళ్లకు ఎండి సున్నంలా అయిపోయి ఉంటుంది. పేస్ట్ 200 లోపు వస్తుంది. కొత్త కార్డు కొనేముందు ఇది చెయ్యి తమ్ముడూ, చేశాక మళ్లీ అదే మ్యాప్‌లో అదే పావుగంట ఆడి అంకెలు రాయి. ఒక్కోసారి ఒక్కటే మార్చు. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది దండగో ఎప్పటికీ తెలీదు.

ర్యామ్ కూడా. ఒకే స్టిక్ ఉంటే డీడీఆర్3-1600లో సెకనుకు 12.8 జీబీ దారి. రెండు స్టిక్కులు పెడితే 25.6. ఇప్పుడు నీ గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంది కాబట్టి అదీ ఈ ఇరుకు దారిలోంచే తాగుతోంది.

---

సర్వీస్_బెంచ్ | శనివారం, మధ్యాహ్నం 12.40

ఫ్రేమ్_లెక్క అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పేస్ట్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంటెల్‌తో వచ్చే కూలర్‌కు నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. తీయడానికి బాణం దిశలో తిప్పి పైకి లాగాలి. బిగించేటప్పుడు వాటిని మళ్లీ మొదటి స్థానానికి తిప్పి, ఎదురెదురు మూలలు ఒకేసారి నొక్కాలి. టిక్‌మని వినబడాలి. నాలుగూ దిగాయో లేదో బోర్డు వెనక నుంచి చూసుకో. ఒక్క పిన్ను సరిగా దిగకపోయినా వేడి తగ్గదు సరికదా పెరుగుతుంది.

పాత పేస్ట్ గట్టిపడి ప్రాసెసర్‌కు అతుక్కుని ఉంటుంది. తీసేముందు పది నిమిషాలు మిషన్ నడిపి వేడి చెయ్యి. ఆపి, ప్లగ్ తీశాక కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తియ్యి. బఠాణీ గింజంత పేస్ట్ చాలు.

---

కడప_కోడర్ | శనివారం, మధ్యాహ్నం 1.15

వేడి సంగతి ఒప్పుకున్నా. కానీ నా ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. విండోస్ మాటేమిటి?

---

ఎస్పీరోడ్_శనివారం | శనివారం, మధ్యాహ్నం 2.30

కోడర్ బ్రో, నీ ప్రశ్న న్యాయమైనదే. నాకు తెలిసింది చెప్తాను.

విండోస్ 10కి ఇళ్లలో వాడేవాళ్ల కోసం మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 వరకు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. అందులో పేరు నమోదు చేసుకోవాలి. నెల్లూరు తమ్ముడు వెంటనే చేసుకోవాల్సిన పని అది. విండోస్ లోపలి సెట్టింగులు (రిజిస్ట్రీ) తిప్పి 11 ఎక్కించుకోవచ్చు అనేవాళ్లుంటారు. ఎక్కుతుంది. కానీ 11లో వాలరెంట్ టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే బోర్డు స్థాయి భద్రతా ఏర్పాట్లు అడుగుతుంది. హెచ్81 బోర్డు మీద అక్కడే ఆగిపోతుంది. అందుకని వాలరెంట్ కావాలంటే 10లోనే ఉండాలి.

ఆఫీసు మిషన్ల విషయం. ఐ5-8500 మంచిదే, కాదనను. కానీ ఎస్పీ రోడ్డులో ఎక్కువగా వచ్చేవి సన్నటి చిన్న క్యాబినెట్లు. వాటిలో సగం ఎత్తు కార్డులే పడతాయి. పవర్ సప్లై, దాని కనెక్టర్ ఆ కంపెనీ సొంత కొలతలో ఉంటాయి, బయటి సప్లై పట్టదు. మిషన్‌కే 12 వేలు దాటితే కార్డుకు డబ్బేది? ఆఫీసు పని, చదువు కోసమైతే నేనూ అదే కొనమంటాను. ఆట కోసం, ఈ బడ్జెట్‌లో మాత్రం కాదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కొత్తవి అంటావా, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూస్తున్నావు కదా.

---

చిత్తూరు_చిన్నోడు | శనివారం, మధ్యాహ్నం 3.10

అన్నా, నేను నీలాంటి హెచ్81 బోర్డు మీదే ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ వేసి నష్టపోయాను. నువ్వు అటు వెళ్లకూడదని రాస్తున్నాను. కొత్త కార్డు, బిల్లు ఉంది, వారంటీ ఉంది అని నాలుగు నెలలు పాకెట్ మనీ దాచి కొన్నాను. రివ్యూలో చూసిన ఫ్రేములు (సెకనుకు ఎన్ని బొమ్మలు) నాకు ఒక్కరోజు కూడా రాలేదు. ఆట సాఫీగా నడుస్తూ నడుస్తూ ఒక్కసారి బిగుసుకుపోతుంది. ఎందుకో నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు.

---

ఫ్రేమ్_లెక్క | శనివారం, మధ్యాహ్నం 3.48

చిన్నోడా, తప్పు నీది కాదు, ఆ సంగతి డబ్బా మీద ఎవరూ పెద్దగా రాయరు. కార్డుకూ బోర్డుకూ మధ్య ఉండే పీసీఐఈ దారిని రోడ్డు అనుకో. మామూలు కార్డులు 16 వరుసలు వాడతాయి. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ, ఆర్ఎక్స్ 6400 నాలుగే వాడతాయి. 4.0 తరం బోర్డులో ఒక్కో వరుస వేగం ఎక్కువ కాబట్టి నాలుగుతో నెట్టుకొస్తాయి. హెచ్81లో కార్డు స్లాట్ 2.0 తరం. ఒక్కో వరుసకు వేగం నాలుగో వంతే. పైగా కార్డులో మెమరీ 4 జీబీ. అది నిండగానే మిగతా టెక్స్చర్లు, అంటే ఆటలోని గోడలు, వస్తువుల మీద పరిచే బొమ్మలు, ర్యామ్ నుంచి ఈ సన్న దారిలోంచి రావాలి. నీకు బిగుసుకునేది సరిగ్గా అప్పుడే.

టెక్స్చర్ క్వాలిటీ ఒక మెట్టు తగ్గించి, కార్డు మెమరీ వాడకం 3.5 జీబీ దాటకుండా చూడు. చాలావరకు తగ్గుతుంది. మిగతా సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు.

నెల్లూరు తమ్ముడికి దీన్నుంచి తేలేది, 16 వరుసలు ఉన్న కార్డే కావాలి. జీటీఎక్స్ 1650కి 16 ఉన్నాయి. 4 జీబీ, 75 వాట్లు, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు.

---

రిచీ_వీధి_రోజూ | శనివారం, సాయంత్రం 5.20

చెన్నై నుంచి. మాకు రిచీ స్ట్రీట్, మీకు ఎస్పీ రోడ్డు, జాగ్రత్తలు మాత్రం ఒకటే.

ఆర్ఎక్స్ 580 వద్దనడానికి ఇంకో రెండు కారణాలు చెప్తాను. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మార్చుకోవడంతో, గ్రాఫిక్స్ కార్డులతో దాన్ని సంపాదించే మైనింగ్ ఆగిపోయింది, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు గుట్టలుగా మార్కెట్‌కు వచ్చాయి. 580 వాటిలో ముందు వరస. మైనింగ్ కార్డు ప్రతిదీ పాడైనదే అనను, నేనే ఒకటి రెండేళ్లు వాడాను. కానీ ఫ్యాన్ బేరింగులు, మెమరీ కింది ప్యాడ్లు అరిగే ఉంటాయి. రెండోది, ఏఎండీ ఆ తరం కార్డులను 2023 చివర్లోనే మామూలు డ్రైవర్ల నుంచి వేరు చేసి, ముఖ్యమైన సవరణలకే పరిమితం చేసింది.

ఇంకొకటి చూసుకోవాలి. 580 పేరుతో రెండు రకాలున్నాయి. అసలుదానికి షేడర్లు (బొమ్మ లెక్కలు చేసే చిన్న భాగాలు) 2304, ఇంకోదానికి 2048. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే అంకె కనబడుతుంది. ఎన్విడియా పేరుతో వచ్చే నకిలీ కార్డులను కూడా అదే పట్టిస్తుంది. పాత చిప్‌కు కొత్త పేరు ఎక్కించి అమ్మేవాటికి ఫేక్ అని చూపిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఒక పెన్ డ్రైవ్‌లో వేసుకుని జేబులో పెట్టుకుని వెళ్లు.

---

కడప_కోడర్ | శనివారం, సాయంత్రం 6.05

సరే, మిషన్ ఉంచుదాం. నా మాట వెనక్కి తీసుకుంటున్నా, ఈ బడ్జెట్‌కు మీ లెక్కే సరైనది. కానీ 1650కి 75 వాట్లే కదా. 84, 75 కలిపితే 159. సప్లై 168 ఇస్తుంది. సప్లైకి పెట్టే డబ్బు, హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా ఉండే ఎస్ఎస్‌డీకి పెట్టొచ్చు కదా?

---

సర్వీస్_బెంచ్ | శనివారం, సాయంత్రం 6.50

కోడర్ బాబూ, హార్డ్ డిస్క్, ఫ్యాన్లు, బోర్డు కూడా ఆ 12 వోల్టుల నుంచే తింటాయి. 168 దాటేస్తుంది. దాటకపోయినా, పదేళ్లు వాడిన చవక సప్లై స్టిక్కర్ మీది అంకె ఇవాళ ఇస్తుందని నేను పూచీ ఇవ్వలేను. నిచ్చెన మోసేంత బరువే నువ్వున్నావని చెప్పి, పుచ్చిన నిచ్చెన ఎక్కమన్నట్టు ఉంటుంది.

ఈ విషయంలో నేను తగ్గను. సప్లై కొత్తది, సీల్ తీయనిది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తు ఉన్నది, 450 వాట్లు చాలు. మిగతావన్నీ సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. రేపు మిషన్ మార్చినా ఆ సప్లై అందులోకి పనికొస్తుంది.

---

నెల్లూరోడు_బీటీఎం | ఆదివారం, రాత్రి 9.30

పేస్ట్ వేశాను. ఇక్కడే దగ్గర షాపులో 180కి దొరికింది. మూడో పిన్ను మొదట దిగలేదు, బెంచ్ అన్న చెప్పాడు కాబట్టి వెనక నుంచి చూసుకుని మళ్లీ నొక్కాను. పాత పేస్ట్ గోటితో గీస్తే పొడి రాలింది.

అదే మ్యాప్, అదే పావుగంట. 97 నుంచి 69 డిగ్రీలకు దిగింది. స్పీడు ఎక్కడా పడలేదు. గ్రాఫిక్స్ కార్డు లేదు కాబట్టి ఫ్రేములు 24 నుంచి 29కే పెరిగాయి గానీ ఆగి ఆగి కదలడం చాలా తగ్గింది. ఖర్చు 180 రూపాయలు! ఫ్యాన్ మోత కూడా తగ్గింది, రూమ్మేట్ ఏం చేశావని అడిగాడు.

వచ్చే శనివారం ఎస్పీ రోడ్డుకు వెళ్తాను. ఎలా వెళ్లాలి, బేరం ఎలా ఆడాలి?

---

ఎస్పీరోడ్_శనివారం | ఆదివారం, రాత్రి 10.10

బీటీఎం లేఔట్ స్టేషన్‌లో యెల్లో లైన్ ఎక్కి ఆర్‌వీ రోడ్ దిగు. అక్కడ గ్రీన్ లైన్ మారి చిక్‌పేటలో దిగితే నడక దూరమే. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, శనివారం పదకొండుకల్లా ఉండు. సాయంత్రం రద్దీలో ఎవరూ కార్డు పెట్టి చూపించరు.

రోడ్డు మీది పెద్ద షాపుల్లో సప్లై, ఎస్ఎస్‌డీ కొత్తవి తీసుకో. సెకండ్ హ్యాండ్ కోసం పక్క సందుల్లో, మేడమెట్ల పైన ఉండే చిన్న షాపులు చూడు. కన్నడలో "స్వల్ప కమ్మి మాడి సార్" (కొంచెం తగ్గించండి సార్) అన్నావంటే వాళ్ల ముఖంలో తేడా కనిపిస్తుంది. మూడు షాపుల్లో అడగకుండా ఎక్కడా డబ్బు తియ్యొద్దు.

కార్డు చేతికివ్వగానే మూడు చూడు. బోర్డులో గుచ్చే బంగారు రంగు పళ్లు నల్లబడ్డాయా, స్క్రూల తలలు గీసుకుపోయి ఉన్నాయా, ఫ్యాన్‌ను వేలితో కదిపితే ఊగుతోందా. తర్వాత వాళ్ల మిషన్‌లోనే పెట్టించి, కార్డు మీద పూర్తి భారం వేసి పరీక్షించే ఫర్‌మార్క్ సాఫ్ట్‌వేర్ పదిహేను నిమిషాలు నడపమను. 80 దాటి పైకి పోతూనే ఉంటే వద్దు. తెర మీద చుక్కలు, గీతలు కనబడితే ధర ఎంత తగ్గించినా వద్దు. బిల్లు మీద సీరియల్ నంబరు, ఎన్ని రోజుల చెకింగ్ వారంటీ ఇస్తున్నారో రాయించుకో.

---

ఫ్రేమ్_లెక్క | ఆదివారం, రాత్రి 10.25

ఐ7-4770 మాట ప్రస్తుతానికి మరిచిపో. నీ మానిటర్‌కు 1366×768 అంటే సుమారు 10.5 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీలో 20.7 లక్షలు. కార్డు మీద సగం భారమే పడుతుంది, 1650 హాయిగా మోస్తుంది. అంటే ముందుముందు అడ్డొచ్చేది ప్రాసెసరే. అయినా అంకెలు చూశాకే కొందువు. 4770 నీ 4590 కంటే ఏడాది ముందుది కాబట్టి బోర్డులోని బయోస్ దాన్ని గుర్తించదనే గొడవ కూడా ఉండదు.

---

నెల్లూరోడు_బీటీఎం | శనివారం, సాయంత్రం 7.40

వెళ్లొచ్చాను. కొన్నవి ఇవి.

పవర్ సప్లై 450 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, కొత్తది: 2,850
ఎస్ఎస్‌డీ 256 జీబీ సాటా, కొత్తది: 2,250
జీటీఎక్స్ 1650, సెకండ్ హ్యాండ్, 10 రోజుల చెకింగ్: 5,500
8 జీబీ డీడీఆర్3, సెకండ్ హ్యాండ్: 750

మొదటి షాపులో కార్డు పెట్టి చూపించనన్నారు, వచ్చేశాను. రెండో చోట ఫర్‌మార్క్ పెడితే ఆరో నిమిషంలో తెర నల్లబడింది. ఆయన కేబుల్ లూజు అన్నాడు. నేను నమస్కారం పెట్టి మెట్లు దిగాను. మూడో చోట పెద్దాయన తానే ఫ్యాన్ తుడిచి, తానే పెట్టి, పదిహేను నిమిషాలు నాకు టీ ఇప్పించి కూర్చోబెట్టాడు. 71 డిగ్రీల దగ్గర నిలిచింది. ఆరు వేలు చెప్పి అయిదున్నరకు ఇచ్చాడు.

బెంచ్ అన్న చెప్పింది చేతికి తెలిసింది. పాత సప్లై ఒక చేతిలో, కొత్తది ఒక చేతిలో పెట్టుకుని చూశాను. సగం బరువు కూడా లేదు.

కానీ ఇప్పుడు ఒక చిక్కు. నా మానిటర్‌కు పాత రకం కేబుల్ పోర్టు వీజీఏ ఒక్కటే ఉంది. కార్డుకు వీజీఏ లేదు. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్, డీవీఐ ఉన్నాయి. తమ్ముడు తొమ్మిదింటికి ఎదురు చూస్తుంటాడు, టెన్షన్‌గా ఉంది.

---

సర్వీస్_బెంచ్ | శనివారం, రాత్రి 7.52

అయ్యో, ఇది మేము ముందే అడగాల్సింది బాబూ, నీ మానిటర్ వెనక చూడమనడం మరిచాం. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. లోపల చిప్ ఉన్నది, యాక్టివ్ అంటారు. చవకగా దొరికే ఉత్త కేబుల్ పనిచేయదు. డీవీఐ నుంచి వీజీఏ పిన్ను కూడా కొనకు. ఆ కార్డు డీవీఐ నుంచి డిజిటల్ సిగ్నలే వస్తుంది. మొబైల్ యాక్సెసరీల షాపుల్లో కూడా కన్వర్టర్ ఉంటుంది, ఇంకా మూసి ఉండవు.

---

నెల్లూరోడు_బీటీఎం | శనివారం, రాత్రి 8.35

దొరికింది, 280. బొమ్మ వచ్చింది! పేస్ట్‌తో కలిపి మొత్తం 11,810. విండోస్ 10 ఎస్ఎస్‌డీ మీద కొత్తగా వేసింది మధ్యాహ్నమే. స్విచ్ వేసిన 14 సెకన్లకు డెస్క్‌టాప్. ఇదివరకు నిమిషంన్నర పట్టేది. ఆటకు వెళ్తున్నాను, రేపు రాస్తాను.

---

నెల్లూరోడు_బీటీఎం | ఆదివారం, మధ్యాహ్నం 1.10

రాత్రి రెండున్నర దాకా ఆడాం. నేను లోడయ్యేసరికి తమ్ముడు ఇంకా లోడవుతున్నాడు. "ఏం చేశావురా అన్నా" అని నాలుగుసార్లు అడిగాడు. పాత మిషనే అంటే నమ్మలేదు, వీడియో కాల్‌లో ప్యానెల్ తీసి చూపించాను. నాన్నకు కూడా ఫోన్ చేసి చెప్పాడంట. ఉదయం నాన్న ఫోన్ చేసి, "అది ఇంకా పనిచేస్తోందా" అని అడిగారు.

అక్కా, నీకోసం అంకెలు. జీటీఏ 5 హై సెట్టింగులో 70 దగ్గర. వాలరెంట్ 130. సీఎస్2 మీడియంలో సగటు 92, కానీ పొగ, కాల్పులు ఎక్కువైనప్పుడు 48కి పడుతోంది. అలా పడినప్పుడు కార్డు వాడకం 58 శాతం, ప్రాసెసర్ నాలుగు కోర్లూ 100.

---

ఫ్రేమ్_లెక్క | ఆదివారం, మధ్యాహ్నం 1.45

భలే తమ్ముడూ, సరిగ్గా కొలిచావు. కార్డు 58 దగ్గర ఖాళీగా కూర్చుని ప్రాసెసర్ కోసం ఎదురు చూస్తోంది. ఇక్కడ గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించినా లాభం లేదు. నీ ఐ5లో నాలుగు కోర్లకు నాలుగే థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు), ఐ7-4770లో ఎనిమిది. ఆ 48 పైకి లేవాలంటే అదే దారి. తొందరేం లేదు. ఈలోపు బ్రౌజర్, ఇతర యాప్‌లు మూసేసి ఆడు, నాలుగు థ్రెడ్ల మిషన్‌లో ఆ తేడా కంటికి కనబడుతుంది.

---

చిత్తూరు_చిన్నోడు | ఆదివారం, మధ్యాహ్నం 2.20

అక్కా, టెక్స్చర్లు తగ్గించి చూశాను. మెమరీ 3.3 జీబీ దగ్గర ఉంది. రెండు గంటలు ఆడితే ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. నాలుగు నెలలుగా ఆ కార్డు మీద కోపంగా ఉన్నాను.

---

సర్వీస్_బెంచ్ | ఆదివారం, సాయంత్రం 4.00

సంతోషం బాబూ ఇద్దరికీ. నెల్లూరు బాబూ, ఒక్క పని మిగిలింది. పాత హార్డ్ డిస్క్ ఇంకా లోపలే ఉంది కదా, డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి రీఅలొకేటెడ్ సెక్టార్లు, అంటే పాడైతే డిస్క్ పక్కన పెట్టేసిన ముక్కలు, ఎన్నో చూడు. పదేళ్ల డిస్క్ అది. అందులో మీ ఇంటి ఫోటోలు ఉంటే ఇవాళే ఇంకోచోటికి కాపీ చెయ్యి.

---

నెల్లూరోడు_బీటీఎం | ఆదివారం, సాయంత్రం 5.15

చూశాను అన్నా. పసుపు రంగులో "కాషన్" అని చూపిస్తోంది. ఫోటోలు ఉన్నాయి, కాలేజీవి, తాతయ్యవి. రూమ్మేట్ దగ్గర ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసుకుని కాపీ పెట్టాను. ఇప్పటికి 61 శాతం అయింది.